సవరయ్య చెంబు, పాతబీడు వాలు

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మా ఊరి పాతబీడు మీద సవరయ్య మళ్లీ నీళ్లు పారించాడు. మొదటి ఏడు గట్టు తెగింది. రెండో ఏడు నీళ్లు బీడు వదిలేసి బడిలోకి వెళ్లాయి. మూడో ఏడు ఏడెకరాల గడ్డి మోకాలెత్తు లేచింది. నూజివీడు చుట్టుపక్కల అలాంటి పని చేసినవాడు ఇంకొకడుంటే నాకు చూపించండి. నేను చదివింది అయిదో తరగతే అయినా, చూసింది చూసినట్టు రాయగలను.

ఇంతటి ఘనుడికి ఒకటే జబ్బు. ఎక్కడికెళ్లినా చెంబెడు నీళ్లు నేలమీద పోసి, అవి ఎటు పోతాయో చూడాలి. దాహమని అడుగుతాడు, ఇస్తే తాగడు. పోసే ముందు మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడతాడు. యాభై దాటినవాడికి ఆ సిగ్గేంటని ఊరంతా నవ్వేది.

మా ఆవిడ బుల్లెమ్మ విసుగెత్తి ఒకరోజు నీళ్లకు బదులు మజ్జిగ ఇచ్చింది. అదీ వాకిట్లో పోశాడు.

“మజ్జిగ నిదానంగా నడుస్తుందమ్మగారండీ, వాలు ఇంకా బాగా తెలుస్తుంది” అన్నాడు.

అతని మేనకోడలు లేయాని చూడ్డానికి ఉంగుటూరు నుంచి పెళ్లివారు వచ్చినప్పుడు పిల్లాడి తల్లి, పిల్ల నలుపని నసిగిందట. సవరయ్య కాసేపు సిగ్గుపడి, వాకిట్లో చెంబు వంపాడు. నీళ్లు తిన్నగా పోయి ఆవిడ పాదాల దగ్గర ఆగాయి. ఈ ఇంటి నీళ్లే మీ కాళ్లు వెతుక్కుంటూ వచ్చాయమ్మా అన్నాడట. సాయంత్రానికి తాంబూలాలు. లేయాకిప్పుడు ఇద్దరు కొడుకులు.

పాతబీడు సంగతి చెప్పాలి. పొద్దు వాలేటప్పుడు చూస్తే దానిమీద దుప్పటి మడతల్లా సన్నటి చాళ్లు కనిపిస్తాయి. మా తాతల కాలంలో వరికోతలయ్యాక, చెరువులో మిగిలిన నీళ్లు ఆ చాళ్లలో వదిలి, రెండు వేళ్ల మందాన బీడంతా పరిచేవారు. ఎండాకాలం దాకా పశువులకు పచ్చగడ్డి. తర్వాత అందరూ మామిడితోటల్లో పడి ఆ సంగతే మరిచారు. ఆ చాళ్లను చెంబుతో వెతికి పట్టుకున్నవాడు సవరయ్య.

పోయినేడు వానలు ముఖం చాటేశాయి. కోతలయ్యేసరికి చెరువులో ఒక్క తడికి సరిపడా నీళ్లున్నాయి. తూము దిగువన కాలువ రెండుగా చీలుతుంది. ఒకటి నా తోటకి, ఒకటి బీడుకి. నా తోటలో అరవై చిన్నరసం మామిడి అంట్లు, రెండేళ్లవి, వాడిపోతున్నాయి. బీడు మీద ఆశ పెట్టుకున్నది కూలివాళ్లు. అందులో నాగేశ్వరమ్మకు ఒక్కటే గేదె, దాని పాలమీదే ఇల్లు. గడ్డి లేకపోతే సంతకు తోలడమేనని కళ్లొత్తుకుంది.

పంచాయతీ తేల్చలేకపోయింది. నేనే లేచి, సవరయ్య చెంబే తీర్పు, నీళ్లు ఎటు పోతే అటు వదలండి, ఈ సాంబయ్య మాటంటే మాటే అన్నాను. నా తోటే పల్లమని నాకు తెలుసు కాబట్టి అంత దర్జా.

సవరయ్య చీలిక దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు సిగ్గు కాస్త ఎక్కువసేపే పడ్డాడు. చెంబు వంపాడు. నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి బీడు వైపు తిరిగాయి. “నేల చెప్పిందండీ, నేనేం చేసేది” అన్నాడు.

నాకా తీర్పు నమ్మబుద్ధి కాలేదు. తెల్లవారి, ఇంకా తూము ఎత్తకముందే, నేనే చెంబు పట్టుకెళ్లి అక్కడే పోశాను. బీడు వైపే పోయాయి. వంగి చూస్తే మట్టిలో సన్నటి గీత, సరిగ్గా బొటనవేలంత వెడల్పు. చేత్తో చెరిపి మళ్లీ పోశాను. నీళ్లు పరుగెత్తుకుంటూ నా తోట వైపు వెళ్లాయి. చూశారా, నా తోటే పల్లం, నేనన్నది నిజమే.

ఇన్నేళ్ల సిగ్గూ అప్పుడు అర్థమైంది. ఉంగుటూరు ఆవిడ పాదాలూ గుర్తొచ్చాయి. పంచాయతీకి చెబుదామని అడుగు వేశాను. ఎదురుగా నాగేశ్వరమ్మ గేదెను బీడు చూపించడానికి తోలుకొస్తోంది, ఇంకా గడ్డి మొలవకుండానే. ఆగిపోయాను. తలొంచుకుని నా బొటనవేలితో ఆ గీత మళ్లీ గీశాను. చూసినవాళ్లు సాంబయ్యకూ ఆ జబ్బు అంటుకుందని నవ్వుంటారు.

తోటకు వెళితే సవరయ్య, అతని భార్య జోజమ్మ కావిళ్లతో ఊరబావి నీళ్లు మోసి అంటుకొక చెంబు పోస్తున్నారు.

“ఏంటి సవరయ్యా, ఇక్కడ వాలు చూడవా?”

“లేదండీ. ఇవి తాగడానికి.”

ఎండాకాలం వచ్చేదాకా వారానికి రెండుసార్లు మోశారు. అరవైలో యాభై ఎనిమిది చిగుర్లేశాయి. నాగేశ్వరమ్మ గేదె ఈనింది.

ఇప్పుడు జి. కొండూరు వైపు ఒక ఊరివాళ్లు, తమ పాతబీడు చాళ్లు వెతికిపెట్టమని అతన్ని బండి పంపి తీసుకెళ్లారు. మా ఊరి మనిషి, పొరుగూళ్లకు గురువు. అక్కడా రెండు వర్గాలున్నాయట, నీళ్లు మాకంటే మాకని. మీరెవరైనా అటు వెళితే బొటనవేలి సంగతి ఎత్తకండి. పని ముగించుకుని ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి గుడి వేళకు వచ్చేస్తానని కబురు చేశాడు. అంటే ఏప్రిల్ మూడు.