చెక్‌పోస్టులో పులిసిన ద్రాక్షరసం

ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు వేరుపడిన కొత్తలో మా బాబాయి ఊరు అవతల ఆంధ్రలోకి పోయింది, మా గుడియాత్తం ఇవతల ఉండిపోయింది. పొన్నై ఏరు దాటాక వచ్చే ఆ ఊళ్లోని చిన్న చర్చికి, ఈస్టరు బల్ల ఆరాధనలో ప్రభువు రక్తానికి గుర్తుగా అందరికీ తలా ఒక గుక్క ఇచ్చే ద్రాక్షరసం మా అమ్మే చేసి పంపేది. ఎండు ద్రాక్ష నానబెట్టి, కాచి, గుడ్డలో వడగట్టి, సీసా మూతికి మైనం పోసేది. అందులో మత్తు ఉండదు. అయినా మద్యనిషేధం రోజులు కాబట్టి మా పాస్టరుగారు వేలూరులో అర్జీ పెట్టి, ఆరాధనకు వైన్ ఉంచుకోవచ్చని చర్చి పేర పర్మిట్ తెచ్చుకున్నారు. సీసాతో పాటు అదీ జేబులో పెట్టుకుని ఏటా నేనే బస్సెక్కేవాణ్ణి.

ఆ ఏడు కొత్తగా వెలసిన చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు.

"ఏముండాది ఇందులో?" అన్నాడు జవాను.

"ద్రాక్షరసం. మత్తు లేనిది," అంటూ పర్మిట్ చూపించాను.

"మత్తు లేకపోతే పర్మిట్ యాలప్పా? పైగా ఇది మద్రాసోళ్ల కాగితం. ఈ పక్క చెల్లదు."

"రెండు పక్కలా నిషేధం ఒకటే కదా?"

"నిషేధం ఒకటే. కాగితాలు రెండు. సరే, ఒక గుక్క తాగి చూపించు, పంపించేస్తా."

అది నా వల్ల కాలేదు. బల్ల మీదికి పోయేదాన్ని ముందుగా ఎవరూ నోట పెట్టకూడదని మా ఇంటి కట్టడి. అమ్మ కూడా రుచి చూసేది కాదు, రంగు చూసి పొయ్యి మీంచి దించేది. నేను తల అడ్డంగా ఊపేసరికి జవానుకు అనుమానం ముదిరింది. మైనం గీకి వాసన చూశాడు. మూతికి కాగితం ఉండ కుక్కి, సీసాను రేకుల గదిలో పెట్టాడు. చేసిన మనిషి పేరు కూడా రాసుకున్నాడు. నిషేధం దాటే గీతను కాగితం ఎందుకు దాటదు? ఆనాటి డైరీలో ఈ ప్రశ్న ఒక్కటే రాసి, కింద చోటు వదిలాను.

నాలుగు రోజులకు ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా ఎండ తన పని తాను చేసింది. ఆయన చూసేసరికి సీసా నిండా నురుగు, గదంతా కల్లు వాసన. సారాయి కాచిన నేరం కింద విచారణకు రమ్మని అమ్మకు కబురు వచ్చింది.

"బైబిలు చంకలో పెట్టుకోని సారా బట్టీ నడిపినాదంట," అని మా వీధిలో నవ్వుకున్నారు. ఆడవాళ్ల బైబిలు కూటం నడిపేది అమ్మే. కేసు నిలిస్తే మళ్లీ ఆ కూటంలో నోరెత్తే మొహం ఉండదు. అమ్మ ఎండు ద్రాక్ష, ఇత్తడి గిన్నె, వడగట్టే గుడ్డ సంచిలో వేసుకుని నాతో బస్సెక్కింది.

"మీరు రసం అంటారు. నా ముందర ఉండేది సారా. ఎవుర్ని నమ్మేదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా చేతినుంచి పోయినప్పుడు రసమే నాయనా. మీ కాడికొచ్చి చెడిపోయె."

"మేమేమన్నా దానికి తాగుడు మప్పినామా?" అన్నాడు జవాను.

అమ్మ పక్కనే ఉన్న టీ కొట్టు పొయ్యి అడిగి, వాళ్ల కళ్లముందే రసం కాచింది. చల్లారాక గ్లాసులో పోసింది.

"మీరు తాగితే నేను తాగుతా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇది బల్ల మీదికి పోయేది కాదని ఆమెకు తెలుసు. అయినా కళ్లు మూసుకుని ఒక గుక్క మింగి, "తీపి ఎక్కువైనాదే," అంది నెమ్మదిగా. ఇన్నేళ్లుగా తను పంపిన రుచి అప్పుడే తెలిసిందామెకు.

ఇన్‌స్పెక్టరు తాగి, "పానకం మాదిరుండాది," అన్నాడు. మిగిలినది సీసాలో పోయించి, కాగితం ఉండ కుక్కించి, అదే గదిలో పెట్టించి, మమ్మల్ని నాలుగు రోజులాగి మళ్లీ రమ్మన్నాడు.

మేం తిరిగి వెళ్లేసరికి కాగితం ఉండ నేల మీద పడి ఉంది. గోడకు నురుగు చారలు. పట్టుకున్న నాడు అది మద్యమని రుజువు లేదని రాసి, ఆయన కేసు కొట్టేశాడు. అమ్మ ఆ మాట రెండోసారి చదివించుకుంది.

ఆయన మాత్రం కలం మూయకుండా సీసా వంకే చూస్తున్నాడు. "ఒక సందేహమమ్మా. మొన్న పానకం, ఈ పొద్దు సారా. ఏ పూట నుంచి ఇది నేరమైనట్టు?"

"నాకేం తెలుసు నాయనా," అంది అమ్మ. "మా కాడ ఎప్పుడూ అంతదాకా మిగల్లేదు."