పూలగోడకు కిటికీ కోసిన సలీం భాయ్

నిన్న పొద్దున ఎనిమిదింటికి సలీం భాయ్‌ని తిడదామనే ఫోన్ చేశాను.

ఏడింటికల్లా మా ఫంక్షన్ హాల్ దగ్గర ఉంటానన్న మనిషి. ఎండాకాలం సర్వీసింగ్ ఉంది. నేను టెర్రస్ మీద ఏసీ యూనిట్ పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాను.

ఫోన్ ఎత్తింది వాళ్ల తమ్ముడు. గొంతు కూడా పోల్చుకోకుండా నాలుగు మాటలు అనేశాను.

ఆయన అన్నీ విన్నాడు.

"అన్న పోయిండు శీనూ. తెల్లారుజామున ఫజర్ నమాజుకు లేచిండు. కూసున్నకాడనే ఒరిగిండు."

ఆ యూనిట్ దిమ్మె మీదే కూర్చుండిపోయాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

నకిరేకల్‌లో మా ఫంక్షన్ హాల్‌కు ఏసీ పెట్టింది సలీం భాయే. ఇళ్లల్లో గోడకు వేలాడే రకం కాదు. ప్యాకేజ్డ్ యూనిట్. మొత్తం మెషీన్ ఒకే డబ్బాలో టెర్రస్ మీద ఉంటుంది. చల్లగాలిని డక్టుల్లోంచి హాల్‌లోకి పంపుతుంది, హాల్లో గాలిని ఒక పెద్ద జాలీ గుండా వెనక్కి పీల్చుకుంటుంది. ఆ జాలీ మా స్టేజీ వెనక గోడకు ఉంది.

క్రేన్‌తో యూనిట్ పైకెక్కించి, డక్టులు బిగించి, స్విచ్ వేసిన రోజు పని అయిపోయిందని నేను స్వీట్ బాక్స్ తెచ్చాను. ఆయన ఒక లడ్డు తిని, పెట్టుడు సగం పనే అన్నాడు. గాలి పంచాలట.

గాలి కొలిచే మీటర్ ఆయన దగ్గర ఉంది. గాలొచ్చే ప్రతి గ్రిల్ కింద పెట్టి నంబర్లు రాసుకున్నాడు. అక్కడితో ఆగితే ఆయన సలీం భాయ్ ఎందుకవుతాడు? అమ్మను, బాపును, నన్ను, వాచ్‌మన్‌ను ఖాళీ హాల్లో తలో మూల కూర్చోబెట్టాడు. నిచ్చెనెక్కుడు, డక్టులో గాలిని పెంచి తగ్గించే డ్యాంపర్ తిప్పుడు, దిగుడు, గాలి తగులుతుందా అని అడుగుడు. మధ్యాహ్నమంతా ఇదే.

మీటర్ చాలదా భాయ్ అని అడిగాను. డిగ్రీ చదివిన పొగరు నాకు.

"మీటరు పట్టుచీర కట్టదు తమ్మీ" అన్నాడు.

సాయంత్రానికి బాపు మూడో లైన్లో నోరు తెరిచి నిద్రపోయాడు. లేపబోతే సలీం భాయ్ నా చెయ్యి పట్టి ఆపాడు. కాగితం మీద "మూడో లైన్ ఓకే" అని రాసుకున్నాడు.

ఆ ఏడు మే నెలలోనే మా అక్క పెళ్లి. కొత్త ఏసీకి అదే మొదటి పెళ్లి.

అక్క మామగారిది మర్రిగూడ. రిటైర్డ్ హెడ్మాస్టర్. మర్యాదల విషయంలో ఇంకా అటెండెన్స్ తీసుకునే రకం.

డెకరేషన్ వాళ్లు స్టేజీ వెనక నిండుగా పూలగోడ కట్టారు. అందరం ఎగబడి సెల్ఫీలు దిగాం. జాలీ దాని వెనక మూసుకుపోయిందని ఒక్కరికీ తట్టలేదు. హాల్ ఓనర్ కొడుకుని, నాకూ తట్టలేదు.

ముహూర్తానికి అరగంట ముందు గాలి తగ్గుతూ తగ్గుతూ పడిపోయింది. రెండు వైపులా ఒకటే ఉక్క. కానీ హెడ్మాస్టర్ మామకు తన వైపు ఉక్కే కనబడింది. మగపెళ్లివాళ్లకు కావాలనే గాలి బంద్ చేయించామని తేల్చేశాడు. వాళ్లను లేపేశాడు. బాపు చేతులు పట్టుకుని బతిమాలుతున్నాడు. మామ బస్సు డ్రైవర్‌కు ఫోన్ కలుపుతున్నాడు.

అక్క గది తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

సలీం భాయ్ ఆ రోజు చుట్టంలా వచ్చాడు. తెల్ల లాల్చీ, అత్తరు. గ్రిల్ కింద చెయ్యి పెట్టి చూశాడు, టెర్రస్ మీదికి ఉరికాడు. తిరిగిపోయే గాలి లేక లోపల కాయిల్ మంచుగడ్డ అయిందట. కిందికి దిగగానే కూలింగ్ ఆపేసి, ఫ్యాన్ ఒక్కటే ఉంచాడు.

ఇంకేముంది! ఉన్న ఏసీ కూడా ఆపారని మామ అగ్గి మీద గుగ్గిలం.

సలీం భాయ్ పోయి ఆయన ముందు కుర్చీ వేశాడు.

"సార్, మంచు కరగాలె. పది నిమిషాలు కూసోండ్రి. మీరు పోయినంక గాలొస్తే, ఆ గాలి ఎవ్వరికి సార్?"

మామ కూర్చున్నాడు. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది.

తర్వాత సలీం భాయ్ కత్తెర తీసుకుని స్టేజీ ఎక్కాడు. ముహూర్తం ముందు పూలు కోసుడేందని అమ్మ గుండె బాదుకుంది. ఆయన వినలేదు. రెండు పెళ్లికుర్చీల మధ్య, సరిగ్గా జాలీ సైజుకు, పూలగోడలో కిటికీ కోసేశాడు.

మెల్లగా పంతులుగారి కండువా కదిలింది. హాలంతా అది చూసి చప్పట్లు కొట్టింది. మంత్రాలకనుకుని పంతులుగారు నమస్కారం పెట్టారు.

గులాబీ రేకులు ఊడొచ్చి జాలీకి అంటుకుంటుంటే, సలీం భాయ్ పూలగోడ వెనక నిలబడి ఏరుతూనే ఉన్నాడు. అందుకే అక్క ఆల్బంలో బావ పుస్తె కట్టే ఫొటోలో ఇద్దరి మధ్య కిటికీలోంచి ఒక గడ్డం, రెండు కళ్లు. ఫొటోగ్రాఫర్ తీసేస్తానంటే అక్క ఒప్పుకోలేదు. ఆయన బయటికొచ్చేసరికి బగారన్నం అయిపోయింది. పెరుగన్నం తిని పోయాడు పాపం.

నిన్న మట్టి వేశాం. మర్రిగూడ నుంచి హెడ్మాస్టర్ మామ చేతికర్రతో వచ్చాడు. అందరూ కదిలినా ఆయన కదల్లేదు. నా భుజం పట్టుకున్నాడు.

"గా రోజు నేను పోతుంటి శీనూ. తప్పు నాదని తెలిసినా, లేచినంక కూసునుడు నాకు చేతగాలె. గీయన కుర్చీ ఏసిండు. లేకుంటే నా కోడలు, నా మనుమరాలు నాకు లేకపోతుండిరి."

ఇద్దరం ఏడ్చాం. దాచేదేముంది.

పోయిరా భాయ్. అక్కడ కూడా నిచ్చెన అడగకు. హాయిగా పడుకో. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.