బటన్ సుట్టూ పసుపు

దసరా తెల్లారి, సూర్యాపేటలో మా ఇంట్ల కంప్యూటర్ మొండికేసింది. బటన్ నొక్కితే లైటు వెలుగుతది, ఫ్యాను తిరుగుతది, అంతలనే ఆరిపోతది.

"ఆటలాడి ఆడి ఖరాబ్ చేసినవ్. ఇగ దాన్ని ముట్టకు" అని నా కొడుకు శ్రీను బిడ్డ మీదికి లేసిండు. మనవరాలు స్వాతి కండ్లు తుడుసుకుంట వైర్లన్నీ పీకి మళ్ల పెట్టింది. మళ్ల ఆరిపోయింది. నాకేమో బటన్ సుట్టూ పసుపు కనబడుతున్నది.

నాకు ఏడేండ్లున్నప్పుడు నాయిన మోతె ఊర్ల పటేల్ బాయికాడ ఆయిల్ ఇంజను నడిపేటోడు. దసరాకు దానికి బొట్టు పెట్టే పని నాది. ఎంత పూస్తే అంత మంచిగ నడుస్తదనుకొని ట్యాంకు మూత నిండ పసుపు మెత్తిన. మూతకున్న గాలిబొక్క పూడిపోయింది. తెల్లారి ఆయిల్ దిగక ఇంజను జరసేపు కొట్టుకొని ఆగుడు, మళ్ల ఆగుడు. పటేల్ తిట్టిండు. నాయిన పొద్దంత విప్పి బిగించి, ఆఖరికి మూత తుడిస్తే నడిచింది. నా పచ్చటి గోర్లు సూసి గూడ, "నేనే సూసుకోలే పటేలా" అన్నడు. నేను నోరు మెదపలే, ఆయన బతికున్నన్ని దినాలు.

"పిల్లను అనకురా శ్రీనూ. పసుపు మెత్తింది నేనే" అన్న.

స్వాతి పిన్నీసుతో గీకితే, ఇరుక్కున్న బటన్ టక్కున పైకొచ్చింది. కంప్యూటర్ నడిచింది.

"మళ్ల దసరాకు గూడ పెడతవా నాయనమ్మా?"

"పెట్టకుంటనా? పక్కకు పెడత."

గోర్లు సూసుకున్న. నాయినకు చెప్పవలసిన మాట కొడుక్కు చెప్పిన.