పిచ్చుక కథకు బాపు చెప్పిన నీతి

ప్రత్యేక రాష్ట్రం కోసం మరిపెడ దగ్గర వంటావార్పు పెట్టిన రోజు మా ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కింది. బియ్యం, కట్టెలు, గంజులు, ముసలివాళ్లు, పిల్లలు అన్నీ ఎక్కాయి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, బండ్లు ఆపి, అక్కడే వండుకుని తినడం ఆ నిరసన పద్ధతి. కడుపు మాడ్చుకుని కూర్చునే దీక్షల కంటే మా ఊరికి ఇదే బాగా నచ్చింది.

ఊళ్లో ఉద్యమానికి మా నాన్న, బాపే పెద్ద. మైకు దొరికితే వదిలే మనిషి కాదు. "మన పొయ్యి మీద మనం వండుకుంటమంటే వీళ్లకేం నొప్పి?" అని ఆయన అడిగితే జనం ఈలలు వేసేవాళ్లు. మా చిన్నాయిన భార్య, చిన్నమ్మ, కాపురానికి వచ్చినప్పటి నుంచి ఇంట్లో అడుగుతున్నదీ అదే. వేరే పొయ్యి. మా ఉమ్మడి వంటింట్లో ఏం వండాలన్నా మా నానమ్మ, అవ్వ చెప్పాలి, బాపు ఒప్పుకోవాలి. తన పిల్లకు గుడ్డు ఉడకబెట్టాలన్నా చిన్నమ్మ అడగాల్సిందే. వేరు మాటెత్తితే బాపు "ఇల్లు విరగ్గొడ్తవా?" అనేవాడు. చిన్నాయిన ఇద్దరి మాటా నిజమేననేవాడు.

అన్నం ఉడికేదాకా మైకు ఖాళీగా ఉండకూడదు కదా. పాటలు పాడేవాళ్లు చాయ్ తాగడానికి పోయారు. ఎవరో మా అవ్వ చేతికి మైకిచ్చారు. అవ్వకు ఉపన్యాసాలు రావు. అందుకని మాకు ఇంట్లో చెప్పే కాకి, పిచ్చుక కథ ఎత్తుకుంది. కాకి పేడతో ఇల్లు కట్టింది, పిచ్చుక రాళ్లతో కట్టుకుంది. పెద్ద వాన కొట్టి కాకి ఇల్లు కరిగిపోయింది. కాకి వచ్చి పిచ్చుక తలుపు తట్టింది. "పిల్లకు నీళ్లు పోస్తున్న, ఆగు" అంది పిచ్చుక, "పండబెడుతున్న, ఆగు" అంది. కాకి తెల్లారేదాకా వానలోనే నిలబడింది. అంతే కథ.

బాపు మైకు అందుకున్నాడు. "ఇన్నరా? పిచ్చుక మనం. కాకి ఎవలో నేను చెప్పాల్నా?"

చప్పట్లు మోగాయి. ఆగిపోయిన లారీలోంచి డ్రైవరు తల బయటపెట్టి, "వానల తడిసినోన్ని లోపలికి రానియ్యకపోతే అదేం నీతి అన్నా?" అన్నాడు. ఆయనకు అన్నం పెట్టమన్నాడు బాపు. ఆ వాదన అక్కడితో ముగిసింది.

పక్కనే గంజులో గరిటె తిప్పుతున్న చిన్నమ్మ తల ఎత్తకుండానే అంది: "కాకి సంగతి తర్వాత బావా. పిచ్చుకకు ఒక ఇల్లున్నది, దానికో తలుపున్నది. తీసుడు, తియ్యకపోవుడు దాని ఇష్టం. నాకైతే గదే నీతి."

బాపు గొంతు తగ్గించాడు. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచాడు.

"ఇంటి ముచ్చట గీడెందుకు? అందరు ఒప్పుకోవాలె గద. జర టైం పడ్తది."

"ఢిల్లీల గూడ గదే అంటున్నరు బావా."

రోడ్డంతా నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. బాపు ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. చిన్నమ్మకూ వచ్చినట్టుంది, పొగ పొగ అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే బాపు ఎర్రమన్ను తెచ్చి, చిన్నమ్మ వాళ్ల గది ముందు పొయ్యి వేయడానికి కూర్చున్నాడు. ఎవరు వద్దన్నా వినలేదు. చాయ్ కూడా పెట్టుకోవడం రాని మనిషి వేసిన పొయ్యి ఒక పక్కకు ఒరిగింది. అది ఆరాక చిన్నమ్మ దాన్ని సరిచేయకుండా అట్లాగే వెలిగించి, మొదట ఆయనకే వడ్డించింది. ఒకవైపు మాడి, ఒకవైపు పలుకుగా ఉన్న ఆ అన్నాన్ని బాపు మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

చెయ్యి కడుక్కుని లేచి, "ఇగ మా ఇంటికి పోత బిడ్డా" అన్నాడు. మా ఇల్లు ఆ గోడకు అటుపక్కే.