బొందలగడ్డకు దోవ

పెన్నా ఒడ్డున, ఇప్పుడు నీళ్లకింద ఉన్న పాత ఊళ్లో, మునీంద్రారెడ్డికి నల్లరేగడి చేను ఉండేది. చేని మూలలో అతని తాత, జేజి, తండ్రి సమాధులు. ఆ ఊళ్లో రెడ్లకు వేరే శ్మశానమంటూ లేదు. ఎవరి చేన్లో వాళ్లు పూడ్చుకుని, ఏటా కోతలయ్యాక టెంకాయ కొట్టుకునేవాళ్లు. సాయిబుల గోరీలు దర్గా వెనక ఉండేవి. దళితవాడలోని క్రైస్తవుల బొందలగడ్డ మాత్రం వంక అవతల. ఎప్పుడో పెద్ద కరువులో జనం రాలిపోతుంటే ఒక మిషన్ దొర ఇప్పించిన చోటని వాడలో ముసలివాళ్లు చెప్పేవారు. అక్కడ శిలువలు, పేర్లు చెక్కిన నాపబండలు వరసగా నిలబెట్టి ఉండేవి.

వంక పొడిగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. పారితే మాత్రం మునీంద్ర చేను అడ్డంగా దాటి, పైనున్న రోడ్డు వంతెన ఎక్కి పోవాలి. వాడలోని ఏసేపు తండ్రి జోసెఫ్ చనిపోయింది అలాంటి వానల్లోనే. చేన్లో శనగ అప్పుడే మొలకెత్తి ఉంది. శవపేటికతో వచ్చినవాళ్లను మునీంద్ర గట్టుమీదే ఆపాడు.

"చేన్లో కాలు పెట్టొద్దండప్పా. మొలకంతా నాశనమైపోతాది" అన్నాడు.

ఏసేపు బతిమాలాడు. "ఒక పక్కనే, గెనెం గట్టు వారగా పోతాం రెడ్డీ" అన్నాడు. మునీంద్ర కదల్లేదు. చివరికి వాళ్లు రొమ్ముల్లోతు నీళ్లలోనే వంకలోకి దిగారు. నడిమధ్యలో పెట్టె ఒక పక్కకు ఒరిగింది. ఏసేపు భార్య రెజీనా పెట్టిన కేక ఊళ్లోకి వినిపించింది. ఆ పూట మునీంద్ర ఇంటికి పోతే తల్లి సుబ్బక్క సంగటి తట్ట ముందు పెట్టి, అతని మొహం చూడకుండానే లోపలికి పోయింది.

తర్వాత జలాశయం వచ్చింది. ఊరు ఖాళీ చేయమన్నారు. వాడవాళ్లు బొందలగడ్డలోని బండలు ఒక్కొక్కటీ పెళ్లగించి ట్రాక్టర్లకెత్తారు. కొత్త కాలనీలో తమ వీధి చివర ఉన్న మట్టినేలను అడిగి తీసుకుని, చుట్టూ గోడ కట్టుకుని, ఆ బండల్ని మళ్లీ వరసగా నాటారు. రెడ్లు మాత్రం సమాధుల దగ్గర తలా గుప్పెడు మట్టి గుడ్డలో కట్టుకుని బయల్దేరారు. మునీంద్ర కట్టుకున్న మూట సామాన్లు దించేటప్పుడు ఎక్కడ పడిపోయిందో అతనికే తెలియదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే తాత సమాధి నెత్తి బయటపడుతుంది. గండికోట చూడ్డానికొచ్చినవాళ్లు పడవల్లో దాని పక్కనుంచే పోతుంటారు. అతను ఆ వైపు పోవడమే మానేశాడు.

కాలనీలో మిగతావాళ్లకు శ్మశానమని చూపించిన చోట జానెడు మట్టి కింద అంతా బండే. పొక్లెయిన్ పళ్లు కూడా దిగలేదు. దాంతో తరతరాలుగా పూడ్చే ఇళ్లలో కూడా కాల్చడం మొదలైంది.

సుబ్బక్క మంచాన పడ్డాక ఒకే మాట అనేది. "నన్ను కాల్చొద్దు నాయినా. మంటంటే నాకు బయం. మీ నాయిన మాదిరి మట్లో పెట్టు." మునీంద్ర సరేనన్నాడు. మొన్నటి ఎండాకాలం ఆమె పోయింది.

తమ్ముడు హరినాథ్ కట్టెలకు చెప్పబోతుంటే మునీంద్ర ఆపి, ఏసేపు ఇంటికి నడిచాడు. ఆ వీధిలో అడుగుపెట్టడం అతనికి అదే మొదటిసారి. ఏసేపు అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

"ఏసేపన్నా" అని పిలిచాడు మునీంద్ర. వయసులో పెద్దవాడైనా అతన్ని ఏనాడూ అన్నా అనలేదు. ఇప్పుడు అవసరం పడి అంటున్నానని ఎదుటివాడికి తెలుస్తుందని అతనికీ తెలుసు. "అమ్మ పోయింది."

"తెల్సు రెడ్డీ. పొద్దున్నే రెజీనా వచ్చి చూసిపాయ."

మునీంద్రకు ఆమె కనిపించనేలేదు. షామియానా బయటే నిలబడి వెళ్లిపోయి ఉంటుంది.

"మీ బొందలగడ్డలో చోటు కావల్లన్నా. కాల్చనని మాటిచ్చినా."

ఏసేపు ఇంట్లోకి తిరిగి చూశాడు. లోపలినుంచి రెజీనా వచ్చి గడప దగ్గర నిలబడింది.

"యా దోవన తెస్తారు?" అని అడిగింది. "మా ఈదిలోంచా? ఎనక గుట్టమీద నుంచా?"

వెనక గోడ కాస్త పడగొట్టించి గుట్ట మీదుగా తెద్దామని హరినాథ్ అప్పటికే అన్నాడు. తను కాదనలేదు.

"మీరెట్ల చెప్తే అట్ల" అన్నాడు.

"ఈదిలోంచే తీస్కరా" అన్నాడు ఏసేపు. "మంచి దోవ ఉండంగా గుట్టలెక్కి మోసేదెందుకు? మోసినోళ్లకు తెల్సు ఆ కష్టం."

సాయంత్రం పాడె వీధి మొదటికి రాగానే చుట్టాల్లో సగం మంది ఆగిపోయారు. "మేం సుట్టు తిరిగి ఆడికే వస్తాం" అని హరినాథ్ వాళ్లను వెంటబెట్టుకుని పోయాడు. మోసేవాళ్లలో ఒకడు తప్పుకోవడంతో పాడె ఒక మూల కిందికి వాలింది. పక్కనుంచి ఎవరో వచ్చి భుజం పెట్టారు. మునీంద్ర తిరిగి చూస్తే ఏసేపు. మోకాళ్ల నొప్పితో కుంటుతూనే చివరిదాకా మోశాడు. ఇళ్లముందు ఆడవాళ్లు కొంగులు కప్పుకుని నిలబడ్డారు. మునీంద్ర ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాడు. గుంత తవ్విన చోటికి పక్కనే జోసెఫ్ బండ ఉంది. పేరు, చనిపోయిన నెల చదివి తల దించుకున్నాడు. మట్టి వేసేటప్పుడు కూడా తల ఎత్తలేదు.

శిలువల మధ్య మన సమాధేమిటని హరినాథ్ కట్టనివ్వలేదు. మునీంద్ర గట్టిగా అడగలేదు. తల్లి మట్టిదిబ్బ కిందే ఉండిపోయింది. కార్యమైన తర్వాత అతను మళ్లీ అటు పోలేదు. ఆ వీధి ఎదురవుతుందని అంగడికి కూడా చుట్టూ తిరిగి పోయేవాడు.

నవంబరులో వాడవాళ్ల సమాధుల పండగ వచ్చింది. భార్య హేమావతే అతన్ని లేపింది. "ఎన్నాళ్లు తప్పించుకోని తిరుగుతావు? పా పోదాం" అని పూలు చేతిలో పెట్టింది.

పొద్దుగూకే వేళకు ఇద్దరూ పోయారు. బండలన్నిటికీ సున్నం కొట్టి, బంతిపూలు వేసి, కొవ్వొత్తులు పెట్టారు. సుబ్బక్క దిబ్బ చుట్టూ ఎవరో రాళ్లు పేర్చి వాటికీ సున్నం కొట్టారు. ఒక కొవ్వొత్తి కూడా వెలుగుతోంది. తెచ్చిన పూలు ఎక్కడ పెట్టాలో తెలియక మునీంద్ర నిలబడిపోయాడు. ఏసేపు తన తండ్రి బండ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ పొద్దు వంకకాడ..."

"ఊ."

"తప్పు చేస్తి."

పోనీలే అంటాడేమోనని మునీంద్ర ఎదురు చూశాడు. ఏసేపు అనలేదు.

"చేస్తివి. పెట్టెలోకి నీళ్లు పాయ. తడిసిన నాయిన్నే మట్లో పెడితిమి. గొడుగు పట్టుకోని నువ్వు సూస్తాంటివి. అది నేను మర్సిపోయేది కాదు." సుబ్బక్క దిబ్బవైపు చూశాడు. "మర్నాడు మీయమ్మ మా ఇంటికొచ్చె. మా వాకిట్లో నేలమీద కూసునె. ఏమీ మాట్లాళ్లే. రెజీనా నీళ్లిస్తే తాగె. పొద్దెక్కిందాకా ఉండి పాయ. చోటిచ్చింది ఆయమ్మకు. నీకు కాదు."

తల్లి ఆ ఇంటికి పోయిందని మునీంద్రకు అప్పటిదాకా తెలియదు. తన తరఫున ఆమె అక్కడ నేలమీద కూర్చుందని, ఆ సంగతి తనకు చెప్పడానికి కూడా ఆమెకు మనసు రాలేదని అర్థమై, అతనూ దిబ్బ పక్కన నేలమీద కూర్చున్నాడు. హేమావతి అతని చేతిలోని పూలు తీసుకుని, సగం సుబ్బక్క మీద, సగం జోసెఫ్ మీద వేసింది.

ఇప్పుడతను ఆ వీధిలోంచే నడుస్తాడు. ఆదివారాలు తల్లి దగ్గర కలుపు పీకి వస్తాడు. ఏసేపు కనబడితే ఇద్దరూ వానల గురించి రెండు మాటలు మాట్లాడుకుంటారు. పోయాక తననూ అక్కడే, తల్లి పక్కనే పెట్టనివ్వమని ఏసేపును అడగాలని మునీంద్రకు ఉంది. ఇంతవరకూ నోరు రాలేదు.