అప్పలసూరి ఎక్కని మెట్లు

1986లో గురునాథరావు విశాఖపట్నంలో ఒక కళాశాల కంప్యూటరు గదిలో ప్రోగ్రామరు. తరగతులు ముగిశాక, ఒక వైద్యుడి దగ్గర తెలుసుకున్న ప్రశ్నలను ఆయన యంత్రానికి నియమాలుగా అందించేవాడు: ఈ లక్షణం ఉండి ఆ లక్షణమూ ఉంటే గుండె పరీక్షకు పంపాలి. కృత్రిమ మేధ అంటే ఏమిటని అడిగినవారికి, అనుభవజ్ఞుడు ఆలోచించే దారిలో యంత్రాన్ని నడిపించడమని చెప్పేవాడు. వైద్యుడు లేని ఊళ్ళలో ఎవరిని ఆసుపత్రికి పంపాలో అది తేల్చగలదని ఆయన ఆశ.

తొలి పరీక్షకు కంచరపాలెం కొండవాలులో తన పొరుగింటి అప్పలసూరిని పిలిచాడు. అప్పలసూరి రేవులో క్రేను నడుపుతాడు. అతని అన్న అంతకు రెండేళ్ళ ముందు గుండెజబ్బుతో పోయాడు. ఇతని ముఖమూ పాలిపోతూండడం చూసి భార్య చిలకమ్మ బెంగపడుతోంది. అతనేమో, డాక్టరు తనను క్రేను మీంచి దింపేస్తాడని ఆసుపత్రి గడప తొక్కడు. యంత్రమనేసరికి ముచ్చటపడి ఆమెతో కలిసి వచ్చాడు.

తెర మీది ఇంగ్లీషు ప్రశ్నలను గురునాథరావు తెలుగులో అడిగాడు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"రాదు మేస్టారూ."

"గుండెలో నొప్పి?"

"నేదు."

పరీక్ష అవసరం లేదని తెర మీద తేలింది.

"సూసినావేటే? మిసను నీకన్నా నయం. పోరు పెట్టదు," అన్నాడు అప్పలసూరి.

చిలకమ్మ నవ్వలేదు. "ఆయాసం ఎలగొస్తాది బాబూ? అది రాకముందే ఆగిపోతన్నాడు. కొండ మెట్ల మీద తవిటమ్మ బడ్డీకాడ బీడీ ముట్టించినట్టు నిలబడతాడు. బీడీ మానేసి ఏడాదయింది! రేవులో క్రేను తన జతగాడు ఎల్లాజీకి ఒగ్గీసి, కింద నిలబడి సిగ్నలు జెండా ఊపుతన్నాడట. డాక్టరు దింపడానికింకేటుంది?"

"నువ్వూరుకోయే," అన్నాడు అప్పలసూరి.

అతను చెప్పినవి అబద్ధాలు కావు. ప్రశ్నే చాలలేదు. గురునాథరావు దానికి ముందు మరొకటి చేర్చాడు: ఈ మధ్య ఏ పనులు మానేశారు? జవాబు ఇంట్లోవాళ్ళనూ అడగాలని దాని కింద రాశాడు. ఈసారి చిలకమ్మ జవాబులిచ్చింది. పరీక్షకు పంపమంది యంత్రం. ఇక అప్పలసూరి ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు.

జబ్బు మందులకు లొంగేదేనని వైద్యుడన్నాడు. ఆసుపత్రి నుంచి వస్తూ గురునాథరావుతో కలిసి ముగ్గురూ కొండ మెట్లెక్కుతున్నారు. తవిటమ్మ బడ్డీ దగ్గర చిలకమ్మే ముందుగా ఆగింది.

"సెప్పులో రాయి పడింది," అని మెట్టు మీద కూర్చుంది.

అప్పలసూరి ఆమె విప్పని చెప్పు వైపు చూశాడు. పక్కనే కూర్చున్నాడు.