బోటులో పుట్టింటికి

గోదావరికి రెండు ఒడ్లున్నాయని అందరికీ తెలుసు. ఆ రెండు ఒడ్లూ కలిసి ఒకే మనిషిని చూసి, ఒకేసారి పగలబడి నవ్విన రోజు ఒకటుంది. ఆ మనిషిని నేనే. ఎలా జరిగిందో చెబుతాను. చదివాక మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను పాల్వంచ కరెంటు ప్లాంటులో ఫిట్టర్‌ని. పంపులు విప్పి బిగించడం నా పని. పంపును విప్పి బిగించగలిగినవాడు ప్రపంచంలో దేన్నైనా విప్పి బిగించగలడని నా గట్టి నమ్మకం. ఇంట్లో మిక్సీ, కుక్కరు, గోడగడియారం అప్పటికే ఆ నమ్మకానికి బలైపోయాయి.

నా భార్య సుజాతది దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. వాళ్ల నాన్న, అంటే మా మామయ్య, అక్కడ పడవ నడిపేవాడు. సుజాత ఆ పడవలోనే పెరిగిందని చెప్పొచ్చు. తర్వాత రోడ్లు పడ్డాయి, ఆటోలొచ్చాయి, పడవ ఎక్కేవాళ్లు లేకుండా పోయారు. మేం కూడా బస్సెక్కి, భద్రాచలం వంతెన దాటి, చుట్టూ తిరిగి పోయేవాళ్లం.

మా క్వార్టర్‌కు దగ్గర్లోనే ప్లాంటు కూలింగ్ టవర్లు. వాటి లోపల ఎప్పుడూ నీళ్లు పడుతున్న చప్పుడు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని సుజాత కళ్లు మూసుకునేది.

"ఏంది, నిద్రొచ్చిందా?" అన్నాను ఒకరోజు.

"లే. కళ్లు మూసుకుంటే గోదారి పక్కన ఉన్నట్టుంటది. జర సేపు మాట్లాడకు."

కాసేపటికి తనే అంది. "బస్సుల పోతే మా ఊరి వీపు కనపడ్తది. నీళ్ల మీంచి పోతేనే ముఖం కనపడ్తది. మా ఊరి ముఖం చూసి ఎన్నేండ్లయిందో!"

ఏ భర్తయినా ఆ మాట విని ఏం చేస్తాడు? ఒక నాటుపడవ మాట్లాడి తీసుకెళ్తాడు. నేను ఫిట్టర్‌ని కదా!

ఆ నెలలోనే ఒక మూతపడ్డ రిసార్టు వెనక, పిచ్చిమొక్కల మధ్య ముక్కు పైకెత్తి పడుకున్న ఎర్ర బోటు కనిపించింది.

"ఏందన్నా ఇది?" అని దాని యజమానిని అడిగాను.

"స్పీడు బోటు. వైజాగ్ నుంచి తెచ్చిన. దీని వెనక తాడు పట్టుకొని, కాళ్లకు చెక్కలు తొడుక్కొని నీళ్ల మీద జారుతరు."

"ఎవరు జారుతరు?"

"గదే కదా సమస్య! ఇక్కడెవరూ జారలే."

గంభీరంగా బోటెక్కాను. రెండో అడుగుకే నా కుడికాలు మోకాలి దాకా బోటు నేలలోకి దిగిపోయింది. కింద నల్లటి నీళ్లలోంచి ఒక కప్ప విసుగ్గా బయటికొచ్చింది.

"నేల కొంచెం మెత్తబడ్డది" అన్నాడాయన.

"కింద దూలాలు?"

"అవి కూడా మెత్తగనే ఉన్నయ్." ఇడ్లీలు అమ్మేవాడిలా చెప్పాడు.

మా స్కూటరు ఆయనకిచ్చి, బోటును ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చాను. సుజాత గేటు దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసింది.

"స్కూటరేది?"

"ఇదే."

ఆ రాత్రి మా ఇంట్లో కూలింగ్ టవర్ చప్పుడు తప్ప మరే మాటా వినిపించలేదు.

పక్క క్వార్టర్‌లో యాకూబ్ ఉండేవాడు. నాతోపాటే డ్యూటీ, వెల్డరు. పొద్దున్నే వచ్చి బోటు చుట్టూ నడిచాడు. "భాయ్, దీన్ని దవాఖానకు తీస్కపోవాలె. ఇంటికెందుకు తెచ్చినవ్?" అంటూనే చొక్కా విప్పి పనిలోకి దిగాడు. అలాంటి స్నేహితుడు ఒక్కడుంటే చాలు, మనిషి చెడిపోవడానికి ఇంకేమీ అక్కర్లేదు.

బోటు పైపెంకు ఫైబరు. నేల మాత్రం ప్లైవుడ్డు. దాని కింద బోటు పొడవునా దూలాలుంటాయి, మనకు వెన్నెముకలాగ. మా బోటు వెన్నెముకను వంటింటి గరిటెతో తోడేశాం, అంతగా కుళ్లిపోయింది. ఎలా బాగుచేయాలో ఫోనులో ఒక వీడియో దొరికింది. ఒక దొర ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు. మొదటి భాగం మొత్తం వదిలేశాను. వీడియోల్లో మొదటంతా సొంత డబ్బానే కదా! ఈ ముక్క గుర్తుంచుకోండి, నా పరువు మునిగింది ఇక్కడే.

ఫైబరు రుద్దితే దుమ్ము లేచి ఒళ్లంతా దురద. యాకూబ్, నేను డ్యూటీలో ఒకరి వీపు ఒకరం గోక్కుంటుంటే డాక్టరు ఇద్దరికీ గజ్జిమందు రాసిచ్చాడు. ఫైబరు అంటించే బంకలో గట్టిపడే మందు ఎక్కువ పోస్తే బకెట్టు పొగలు కక్కింది. కంగారులో వెనక్కి అడుగేశాను. చెప్పు బంకలో అతుక్కుంది. ఎంత పీకినా రాలేదు. చివరికి దానిమీదే ఇంకో పొర ఫైబరు వేసేశాం. లోకంలో చెప్పుతో బలపరిచిన బోటు అదొక్కటే అయ్యుంటుంది.

కానీ ఒక సంగతి చెప్పాలి. కోపం తగ్గాక సుజాత సాయంత్రాలు టీ తెచ్చి బోటు అంచు మీద కూర్చునేది. ఎక్కడ నది మలుపు తిరుగుతుందో, ఏ బండ దగ్గర మామయ్య తెడ్డు ఆపి బీడీ వెలిగించేవాడో, నీళ్ల మీద ఊరివాళ్ల మాటలు ఎంత దూరం వినపడేవో చెబుతుండేది. ఎండిన నేల మీదున్న బోటులో యాకూబ్, నేను కాళ్లు ముడుచుకుని వినేవాళ్లం. పని తొందరగా అయిపోవద్దని ఎన్నోసార్లు అనిపించింది. తలచుకుంటే ఇప్పటికీ ఆ టీ రుచి నాలుక మీద ఉంటుంది.

చివరికి పని అయిపోయింది. వెనక తగిలించే మోటారు ఒకటి కిరాయికి తెచ్చి, మామయ్యకు ఫోను చేశాను.

"ఆదివారం నీళ్ల మీంచి వస్తున్నం మామయ్యా!"

"అల్లుడా, మోటరు ఎవరు నడుపుతరు?"

"యాకూబ్."

"ఆయనకు వస్తదా?"

"బుల్లెట్ నడుపుతడు మామయ్యా."

అటువైపు బీడీకి అగ్గిపుల్ల గీసిన చప్పుడు. "సరే, రాండ్రి" అన్నాడు.

ఆదివారం అశ్వాపురం వైపు ఒడ్డున బోటు దించాం. చూడ్డానికి చేపలు పట్టేవాళ్లు, గేదెలవాళ్లు, మా కాలనీలో సగంమంది వచ్చారు. అవతలి ఒడ్డున సుజాత ఊరు ఊరంతా నిలబడింది. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. సుజాత కొత్తచీర కట్టుకుని ముందు కూర్చుంది. మోటారు గర్జించింది. బోటు దూసుకుపోయింది. నది మధ్యకు రాగానే సుజాత లేచి నిలబడింది.

"అగో, మా ఊరు!"

ఆ గొంతు విని నా కళ్లు చెమర్చాయి. అంతలోనే మళ్లీ అంది.

"మా ఊరు పోతున్నది!"

నిజమే. ఊరు మెల్లగా కుడిపక్కకు జరిగి మాయమైంది. దాని స్థానంలో మా కాలనీవాళ్లు కనిపించారు. కాసేపటికి మళ్లీ ఊరొచ్చింది. మళ్లీ పోయింది. బోటు ఎడమకు తిరుగుతోంది.

"యాకూబ్, కుడికి తిప్పు!"

"కుడికే తిప్పిన భాయ్! ఇంకా తిప్పితే మోటరు చేతికొస్తది!"

"ఇంకొంచెం స్పీడు పెంచు!"

పెంచాడు. ఇంకా వేగంగా గుండ్రంగా తిరిగాం. ఊరు, కాలనీ, ఊరు, కాలనీ. ఎటు తిరిగితే అటు నవ్వులు. సుజాత అన్నట్టే, నీళ్ల మీద మాటలు చాలా దూరం వినపడతాయి. నవ్వులు ఇంకా దూరం వినపడతాయి. ఆఖరికి పెట్రోలు అయిపోయి మా పరువును ఆ మాత్రం కాపాడింది.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి ఒక నాటుపడవ వచ్చింది. తెడ్డు వేస్తున్నది మామయ్య. యాకూబ్ బుల్లెట్ సంగతి విన్న రోజే పాత పడవను దింపి, చిల్లులు పూడ్చి సిద్ధంగా ఉంచాడట. దగ్గరికొచ్చి నావైపు చూశాడు.

"అల్లుడా, ఊరు చూపిస్తున్నవా, ఊరికి దిష్టి తీస్తున్నవా?"

తర్వాత సుజాతకు చెయ్యి చాపాడు. "దా బిడ్డా."

"నాయినా!" అంటూ పడవలోకి మారిపోయింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. మామయ్య మా బోటుకు తాడు కట్టి లాక్కుపోయాడు. ముందు తండ్రీకూతుళ్లు, వెనక తాడు చివర మేమిద్దరం. సుజాత ముఖం నాకు కనిపించలేదు. తన ఊరి ముఖం మాత్రం తనకు కనిపిస్తోంది. తెడ్డు నీళ్లలో పడిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇసుకలో బోటును బోర్లించాక జబ్బు తెలిసింది. కుళ్లిన దూలాలు తీసేముందు పెంకు కింద అంతటా సమానంగా ఆసరా పెట్టాలట. మేం దాన్ని రెండు పాత టైర్ల మీద వదిలేశాం. వెన్నెముక తీయగానే అది మెలి తిరిగింది. ఆ వంకరను మేం కొత్త దూలాలతో, చెప్పుతో సహా, శాశ్వతంగా బిగించేశాం. వీడియో మొదటి భాగంలో దొర చెప్పింది అదే.

చేపల పులుసుతో భోజనం చేసి ఇసుకలో కూర్చున్నప్పుడు మామయ్య బీడీ వెలిగించి అన్నాడు. "నీ బోటు మంచిదే అల్లుడా. అది చక్కగా నడిస్తే నేను పడవ తీసేటోణ్ణి కాదు. బిడ్డను మళ్ల నీళ్ల మీద తెచ్చుకునేటోణ్ణి కాదు." నన్ను అంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు. అంత ప్రేమగా ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆయన మళ్లీ పడవ తీయలేదు. ఇప్పుడు ఆయన లేడు. యాకూబ్ రిటైరై కూతురి దగ్గరికి పోయాడు. మేం ఆ ఊరికి కారులో పోయివస్తాం, వీపు వైపు నుంచే. మొన్న వంతెన మీద సుజాత అద్దం దించి చాలాసేపు నీళ్లనే చూసింది.

"ఇంకో బోటు చెయ్యరాదు?" అంది.

"చేస్తే? మళ్ల తిరుగుతది."

"తిరగనీ. మా ఊరు ఒక్కసారి కాదు, మస్తుసార్లు కనపడ్డది."

కనుక గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ బోటు జోలికి పోను. పిల్లలు కాగితపు పడవ తెచ్చిచ్చినా మడత సరిచేయను. అయితే ఈ ప్రమాణం సుజాత వినకుండా, గొంతు తగ్గించి చేశాను. వింటే అడగడం మానేస్తుందేమోనని భయం.